మీ ఇంట్లో ఎలుకలకు ఏం పెడుతున్నారు?



నేటి నుంచి పశువైద్యులుగా పిలిపించుకోబోతున్న మీతో ఈ రోజు నేను ఎలుకల మందు గురించి మాట్లాడతాను. నా వృత్తి జీవితం చాలావరకు గోదావరి డెల్టాలో గడిచింది. వరి ఉన్న చోట ఎలుక ఉంటుంది, ఎలుక ఉన్న ఇంట్లో దాని మందు ఉంటుంది. ఆ ఇంట్లోనే ఒక కుక్కో పిల్లో కూడా ఉంటే ఏదో ఒక రోజు దాన్ని చేతుల మీద మోసుకుంటూ మన దగ్గరికి తెస్తారు. అలా వచ్చినవాటిలో చాలావాటిని బతికించవచ్చు. బతకగలిగిన ప్రాణం, అడగాల్సిన ఒక్క ప్రశ్న ఎవరూ అడగనందువల్ల పోతుంటే నాకు మనసు ఊరుకోదు. ఆ ప్రశ్న మీ నోటికి అలవాటు చేయాలనే వచ్చాను.

మీ ఊరి కిరాణా కొట్టులో ఎలుకల మందు ఇమ్మని అడిగి చూడండి. ఒక కొట్టులో ఆకుపచ్చ రంగో నీలి రంగో వేసిన కేకు ముక్కలు ఇస్తారు. ఇంకో కొట్టులో నలుపు కలిసిన బూడిద రంగు పొడి పొట్లం ఇస్తారు. మరో చోట పళ్లు తోముకునే పేస్టులాంటి ట్యూబు చేతిలో పెడతారు. కొనేవాళ్లకు మూడూ ఒకటే, ఎలుక చస్తే చాలు. మనకు మాత్రం అవి మూడు వేర్వేరు జబ్బులు. కేకు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. రోజుల మీద చంపుతుంది, కానీ విరుగుడు ఉంది. నల్లపొడి కడుపులో విషవాయువుగా మారి గంటల్లో చంపుతుంది. పేస్టు కాలేయాన్ని తినేస్తుంది. ఈ రెండింటికీ విరుగుడు లేదు. ఒకదానికి పనికొచ్చే వైద్యం ఇంకోదానికి కీడు చేస్తుంది. ఏది తిన్నదో తెలియకుండా మొదలుపెట్టిన వైద్యం గుడ్డి వైద్యమే.

కేకు సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఎందుకంటే ఆ విషం పుట్టింది మన వృత్తిలోనే. 1920ల మొదట్లో కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ పశువులు ఉన్నట్టుండి రక్తం కారి చనిపోయేవి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా రక్తం ఆగేది కాదు. ఒంటారియో పశువైద్య కళాశాలకు చెందిన ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే డాక్టరు, బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి దీనికి కారణమని కుందేళ్ల మీద పరీక్షించి చూపించాడు. మంచి గడ్డి తిన్నవి బాగున్నాయి, బూజు గడ్డి తిన్నవి రక్తస్రావమై పోయాయి. ఈ స్కోఫీల్డ్ గురించి మీకు తెలియాలి. పోలియో వల్ల చేతికర్ర పట్టుకుని నడిచే మనిషి. 1916లో కొరియా వెళ్లి వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పాడు. 1919లో జపాను పాలన మీద కొరియన్లు తిరగబడినప్పుడు అక్కడి హింసను ఫొటోలు తీసి లోకానికి చూపించాడు. చివరికి ఆ దేశంలోనే కన్నుమూశాడు. సియోల్ జాతీయ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. పశువుల డాక్టరు చూపు పశువుల దగ్గరే ఆగిపోనక్కర్లేదని చెప్పడానికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఆయనే.

తర్వాత ఉత్తర డకోటాలో రోడరిక్ అనే మరో పశువైద్యుడు, ఈ పశువుల రక్తంలో, గడ్డకట్టడానికి కావలసిన ప్రోత్రాంబిన్ తగ్గిపోతోందని తేల్చాడు. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఒకాయన, మంచు తుపానులో, చచ్చిపోయిన పెయ్యను, పాల క్యానులో గడ్డకట్టని రక్తాన్ని, పాడైన గడ్డిని బండిలో వేసుకుని మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్ల తరబడి శ్రమించి 1939లో ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని వారసుడే వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఇచ్చినది కూడా అదే. గుండె జబ్బున్న మీ తాతయ్యో నాయనమ్మో వాడుతుండవచ్చు. ఒక రైతు ఆవు కోసం పడిన ఆరాటంలోంచి కోట్ల మంది గుండెలకు మందు దొరికింది. ఎలుకలకు విషం కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఎలుక చాలా అనుమానపు జంతువు. కొత్త తిండిని కొంచెం కొరికి, ఒంట్లో తేడా చేస్తే మళ్లీ ముట్టదు. వార్ఫరిన్ గెలిచింది అందుకే. తిన్న రోజు ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. రోజులు గడిచాక జబ్బు చేస్తే అది ఎప్పుడో తిన్న తిండి వల్లేనని ఎలుక పోల్చుకోలేదు. 1958 నాటికి స్కాట్లాండులో వార్ఫరిన్‌కు లొంగని ఎలుకలు కనిపించాయి. దాంతో 1970ల నుంచి బ్రోమాడయోలోన్, బ్రోడిఫాకమ్ వంటి రెండో తరం విషాలు వచ్చాయి. ఇవి ఒక్క పూట తిన్నా చాలు, కాలేయంలో వారాలు, నెలలు కూర్చుంటాయి. మన దగ్గర ఎక్కువగా వాడేది బ్రోమాడయోలోన్.

ఎలుకను మోసం చేసిన ఆ ఆలస్యమే ఇంటివాళ్లనూ మోసం చేస్తుంది. గడ్డకట్టే కారకాలు కొన్ని తయారవడానికి కాలేయానికి విటమిన్ కె కావాలి. వాడిన కె విటమిన్‌ను మళ్లీ వాడుకునేలా చేసే ఎంజైమును ఈ విషం ఆపేస్తుంది. అయితే అప్పటికే రక్తంలో ఉన్న కారకాలు ఒకటి రెండు రోజులు పని నడిపిస్తాయి. కుక్క కేకు కొరికిందని చూసి కంగారుపడిన ఇల్లాలు, సాయంత్రానికి అది తోక ఊపుతూ అన్నం తింటుంటే ఊపిరి పీల్చుకుంటుంది. మూడో రోజో అయిదో రోజో కుక్క మూలన పడుకుంటుంది. చిగుళ్లు పాలిపోతాయి. దగ్గుతుంది, ఆయాసపడుతుంది, ఎందుకంటే రక్తం ఛాతీలోకి చేరుతోంది. ఒక్కోసారి కుంటుతుంది, కీలులోకి రక్తం దిగి. బయటికి చుక్క కూడా కనిపించకపోవచ్చు. మన దగ్గరికి తెచ్చేసరికి కేకు సంగతి వాళ్లు పూర్తిగా మరిచిపోయి ఉంటారు. ‘దానికి ఆ రోజు ఏమీ కాలేదు కదండీ’ అంటారు.

ఇక్కడే మన ప్రాంతంలో ఇంకో చిక్కు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియా జ్వరం తెలుగు జిల్లాల్లో ఎంత సామాన్యమో మీకు తెలుసు. అందులోనూ చిగుళ్లు పాలిపోతాయి, ముక్కు నుంచి రక్తం వస్తుంది. పాలిపోయిన కుక్క కనిపించగానే టిక్ ఫీవర్ అని రాసి డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడం చాలా తేలిక. తేడా గుర్తుంచుకోండి. ఎర్లిషియాలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, చర్మం మీద, చిగుళ్ల మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు పొడుస్తాయి. ఎలుకల మందు కేసులో రక్తం ఛాతీలోకో, పొట్టలోకో, కీళ్లలోకో పెద్దగా పోతుంది. పీటీ పరీక్షలో రక్తం గడ్డకట్టే సమయం పెరిగి ఉంటుంది. ఆ పరీక్ష చేసే యంత్రం మన ఆసుపత్రిలో లేదని ఆగిపోకండి. టౌన్లో మనుషుల ల్యాబుల్లో ఉంటుంది. నీలం మూత ట్యూబులో రక్తం పంపండి, పక్కనే ఆరోగ్యంగా ఉన్న ఇంకో కుక్క రక్తం కూడా పంపి పోల్చుకోండి. అదీ కుదరని పల్లెలో ఉంటే 2 మి.లీ. రక్తం మామూలు గాజు ట్యూబులో తీసి గుప్పిట్లో వెచ్చగా పట్టుకుని, నిమిషానికోసారి వంచి చూడండి. బాగున్న కుక్క రక్తం పది పన్నెండు నిమిషాల్లో గడ్డకడుతుంది. అరగంటైనా నీళ్లలా కదులుతుంటే మీకు జవాబు దొరికినట్టే. రక్తం తీసేటప్పుడు మెడ నరం ముట్టుకోవద్దు. ముంగాలి నుంచి సన్న సూదితో తీసి, చాలాసేపు నొక్కి పట్టండి. కండలోకి ఇంజెక్షన్లు వేయకండి, వేసిన చోటల్లా రక్తం గూడు కడుతుంది.

దీనికి విరుగుడు విటమిన్ కె1. కె3 కాదు. ఈ మాట మీలో ప్రతి ఒక్కరూ రాసిపెట్టుకోవాలి. మన మందుల అలమరాల్లో రక్తం ఆపడానికని ఉంచే విటమిన్ కె ఇంజెక్షన్ చాలాసార్లు కె3, అంటే మెనాడయోన్. ఈ విషానికి అది విరుగుడు కాదు. విటమిన్ కె వేశామన్న తృప్తి మనకు మిగులుతుంది, కుక్క మాత్రం మిగలదు. కె1 రోజుకు కిలోకు 2.5 నుంచి 5 మి.గ్రా., కొంచెం కొవ్వున్న తిండితో నోటి ద్వారా. నరంలోకి ఎక్కించకండి, ప్రాణాంతకమైన ఎలర్జీ రావచ్చు. పుట్టిన పసిబిడ్డలకు వేసేది కె1నే కాబట్టి ఏ ప్రసూతి ఆసుపత్రి పక్కన అడిగినా దొరుకుతుంది. కానీ 20 కిలోల కుక్కకు రోజుకు 50 నుంచి 100 మి.గ్రా. కావాలి. పసిబిడ్డల 1 మి.గ్రా. ఆంపూళ్లతో సరిపోదు, మాత్రల కోసం ముందే ఏర్పాటు చేసుకోవాలి. కె1 పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది. ఈలోగా ఆయాసంతో ఉన్న కుక్కకు కావలసింది ఇంకో కుక్క రక్తం లేదా ప్లాస్మా. ఇక మందు వాడవలసింది మూడు నాలుగు వారాలు. వారానికే కుక్క గెంతులేస్తుంది, ఇంటివాళ్లు మాత్రలు ఆపేస్తారు, పదో రోజుకు అది చనిపోతుంది. విషం ఇంకా కాలేయంలోనే ఉందని వాళ్లకు చెప్పాల్సింది మనమే. చివరి మాత్ర వేసిన రెండు మూడు రోజులకు మళ్లీ పీటీ చూడండి, అప్పుడే పూర్తయినట్టు.

నల్లపొడి, అంటే జింక్ ఫాస్ఫైడ్ విషయంలో ఇంత సమయం ఉండదు. కడుపులోని ఆమ్లం తగలగానే అది ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. కిలో బరువుకు 40 మి.గ్రా. చాలు కుక్కను చంపడానికి, ఒక్కోసారి అందులో సగమే చాలు. అంటే 10 కిలోల కుక్కకు అర గ్రాము కూడా అక్కర్లేదు. పదిహేను నిమిషాల నుంచి నాలుగు గంటల లోపు వాంతులు, ఆయాసం, మూర్ఛలు. ఎలుక వాంతి చేసుకోలేదు, కుక్క చేసుకోగలదు. చాలా కుక్కలు తమ ప్రాణం తామే కాపాడుకునేది అలాగే. ఈ కేసుల్లో తిండి పెట్టవద్దని ఫోన్‌లోనే చెప్పండి. తిండి పడితే ఆమ్లం ఊరుతుంది, వాయువు పెరుగుతుంది. యాంటాసిడ్ ఇచ్చి, వాంతి చేయించాల్సి వస్తే ఆరుబయట చేయించండి. గదిలో వెల్లుల్లి వాసనో కుళ్లిన చేపల వాసనో వచ్చిందంటే మీరూ, మీ అటెండరూ, కుక్కను ఒళ్లో పెట్టుకున్న ఆ ఇంటి పిల్లా అప్పటికే ఆ వాయువు పీలుస్తున్నట్టు. ముందు తలుపులు తెరవండి, అందరినీ బయటికి పంపండి. మీ ఒంటిని కాపాడుకోవడం కూడా వైద్యంలో భాగమే.

పేస్టులో ఉండేది పసుపు భాస్వరం. మనుషుల ఆసుపత్రుల్లో ఎంతమంది యువకుల ప్రాణాలు తీస్తోందో మీ స్నేహితులైన డాక్టర్లను అడిగితే కళ్లు చెమ్మగిల్లేలా చెబుతారు. రొట్టె మీదో టమాటా ముక్క మీదో పూసి పొయ్యి వెనక పెడతారు. మొదటి రోజు వాంతులు, తర్వాత తేరుకున్నట్టు కనిపించడం, ఆపైన కామెర్లు, కాలేయం చేతులెత్తేయడం. పాలూ నూనే పోస్తే అది ఇంకా తొందరగా ఒంటికి పడుతుంది.

పాలంటే గుర్తొచ్చింది. మన ఇళ్లలో ఏ విషానికైనా చేసే వైద్యాలు మీకు తెలుసు. ఉప్పునీళ్లు పట్టించడం, చింతపండు పులుసు పోయడం, కొబ్బరినూనె, పచ్చి గుడ్డు. ప్రేమతో చేసేవే, అందుకే కోప్పడకండి. కానీ ఉప్పునీళ్లు ఎక్కువైతే ఉప్పే విషమై మెదడు వాస్తుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం కుక్క మూత్రపిండాలకు మంచిది కాదని ఇటీవలి పరిశీలనలు చెబుతున్నాయి. ‘ఏమీ పోయకండి, తిన్న ప్యాకెట్ తీసుకుని వెంటనే రండి’ అనే ఒక్క వాక్యం మీ జిల్లా అంతా తెలిసేలా చేయండి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనంలో పనిచేయబోయేవాళ్లు ఫోన్ ఎత్తగానే ఇదే చెప్పాలి. ప్యాకెట్ లేకపోతే వాంతిలోనో మలంలోనో ఆకుపచ్చ, నీలి రంగు గింజలు చూడండి.

పల్లెల్లో పొలాల సంగతి వేరు. వరి నాట్ల తర్వాత ఊరంతా ఒకే రోజు ఎలుకల ఎర పెట్టడం డెల్టాలో ఏటా జరుగుతుంది. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ పొడి. ఆ పొడి 0.25 శాతం, కలిపిన ఎర 0.005 శాతం. అంటే పొడి పొట్లం ఎర కంటే 50 రెట్లు ఘాటు. కుక్క బొరియ దగ్గరి నూకలు తిన్నదా, ఇంట్లో మిగిలిన పొడి పొట్లం చింపిందా అన్నది మొదట తేల్చుకోవాలి. రైతును తప్పుపట్టే హక్కు మనకు లేదు. పొట్ట మీదున్న చేనును ఎలుకలు రాత్రికి రాత్రి కొరికేస్తుంటే చూస్తూ ఊరుకోలేడు. కానీ ఎర పెట్టే తేదీ ముందే మనకు తెలిసి, ఆ వారం కుక్కల్ని కట్టేయమని ఊళ్లో దండోరా వేయించి, ఎర బొరియ లోపలే పెట్టేలా, చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చేలా చూడటం వ్యవసాయ సహాయకుడూ మనమూ కలిసి చేయగల పని. చచ్చిన ఎలుకను తిన్న పిల్లి కూడా చస్తుంది, పొలం గట్టున కాపలా కాసే గుడ్లగూబ కూడా చస్తుంది. గుడ్లగూబ బతికి ఉంటే ఎలుకల్ని అది ఊరికే పట్టి పెట్టేది. ఎలుకలు పట్టడం తరతరాలుగా తెలిసిన యానాదులు మన జిల్లాల్లో ఉన్నారు, బొరియ చూసి లోపల ఎలుక ఉందో లేదో చెబుతారు. వాళ్ల నేర్పుకు సరైన కూలి ఇచ్చి వాడుకునే ఊరు విషం తక్కువ వాడుతుంది.

పట్నంలో సెల్లారుకీ లిఫ్టు గుంటకీ పెస్ట్ కంట్రోల్ మనుషులు వచ్చి మందు పెట్టి వెళతారు. ఏ మందో వాచ్‌మన్‌కు తెలియదు, అసోసియేషన్ కార్యదర్శికీ తెలియదు. మందు పేరు నోటీసు బోర్డు మీద రాయమని, తెరిచి పెట్టకుండా తాళమున్న ఎర పెట్టెల్లో పెట్టమని అపార్ట్‌మెంటు సమావేశాలకు వెళ్లి చెప్పండి. పిలవకపోయినా వెళ్లండి. బోను, కన్నాలకు సిమెంటు, బియ్యానికి ఇనుప డ్రమ్ము, ఇవి విషం కంటే నిదానంగా పనిచేస్తాయి, కానీ ఏ పిల్లనూ చంపవు.

కావాలని వీధి కుక్కలకు విషం పెట్టిన కేసులు కూడా మీ దగ్గరికి వస్తాయి. ఊరి పెద్దలు పోస్టుమార్టం ఎందుకు లెమ్మంటారు. చేయండి. జంతువును చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం. కడుపులోని పదార్థాలు, కాలేయం, మూత్రపిండం వేర్వేరు సీసాల్లో గాలి చొరకుండా బిగించి, సీలు వేసి పంపండి, ఫార్మలిన్‌లో వేయకండి. నోరులేని దానికి సాక్ష్యం చెప్పేది ఆ సీసాలే.

మీలో కొందరు అమెరికా వెళ్లి అక్కడ ప్రాక్టీసు చేస్తారు. అక్కడ ఇళ్లలో వాడే రెండో తరం రక్తస్రావపు మందుల అమ్మకాన్ని కట్టడి చేశాక బ్రోమెథలిన్ వాడకం పెరిగింది. చూడటానికి అదీ మన కేకులాగే ఉంటుంది, కానీ అది మెదడును వాపెక్కిస్తుంది, కె1 దానికి పనిచేయదు. మనవాళ్లు అక్కడి నుంచి ఫోన్ చేసి, మా కుక్క ఎలుకల కేకు తిన్నది, ఇండియాలో ఇచ్చే మందు చెప్పండి అంటే చెప్పకండి. పేరు చదివించండి, దగ్గరి ఆసుపత్రికి పంపండి.

ఇంతకీ నేను అడగమన్న ప్రశ్న. దాన్ని జబ్బు చేశాక కాదు, టీకా వేయించడానికి కుక్కపిల్లను మొదటిసారి తెచ్చిన రోజే అడగండి. ‘మీ ఇంట్లో ఎలుకలకు ఏం పెడుతున్నారు?’ పేరు తెలియదంటే ప్యాకెట్ ఫొటో పంపమనండి, కార్డు మీద రాసిపెట్టండి. పాలిపోయి వచ్చిన ప్రతి కుక్క విషయంలో, మూలన నక్కిన ప్రతి పిల్లి విషయంలో మళ్లీ అడగండి, గడిచిన వారం అంతా గుర్తుచేసుకోమనండి. పక్కింటివాళ్లు ఏం పెట్టారో కూడా అడగండి.

పోస్టింగులో చేరిన మొదటి వారంలో మందుల అలమర తెరిచి చూడండి. సీసా మీద కె1 అని ఉందో, కె3 అని ఉందో చదవండి. కె1 లేకపోతే ఆ రోజే ఇండెంటు రాయండి, వచ్చేదాకా వదలకండి. రక్తం ఇవ్వగల పెద్ద కుక్కలున్న ఇళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి.